ఉంగరంలో వజ్రం పసుపుగా కనిపిస్తోంది. చీటీలో ఉన్నది జి నా, జె నా?

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి), శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నా చదువంతా ఒడియా మాధ్యమంలో సాగింది. తెలుగు అక్షరాలు నాయనమ్మ ఒడిలో నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇంకో పద్దెనిమిది రోజుల్లో నా నిశ్చితార్థం. అమ్మాయిది పాతపట్నం. మధ్యలో నది ఒక్కటే గాని, అది దాటితే రాష్ట్రం మారుతుంది, బడిలో చెప్పే భాష మారుతుంది. ఆమెకు కోడిగుడ్డు ఆకారంలో ఉండే రాయి ఇష్టమని వాళ్ల పిన్ని ద్వారా తెలుసుకుని, పోయిన ఆదివారం నేనూ నాన్నా గుణుపురం ప్యాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్లాం. అక్కడ ఒక పెద్ద షాపులో యాభై సెంట్ల (అర క్యారెట్) వజ్రం, పద్దెనిమిది క్యారెట్ల పసుపు బంగారంలో కట్టిన ఉంగరం తీసుకున్నాం. 3 శాతం జీఎస్టీతో కలిపి లక్షా ఇరవై ఆరు వేలు. రెండేళ్లుగా నేను దాచుకున్న డబ్బు అది.

షాపులో ఆ రాయి నిప్పురవ్వలా ఉంది. ఎటు తిప్పినా మెరుపే. అమ్మే అతను “జి కలర్ సార్, రంగు లేనట్టే లెక్క” అన్నాడు. నాన్న తల ఊపారు, నేను డబ్బు కట్టాను.

ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టి, మర్నాడు పొద్దున కిటికీ దగ్గర తెరిచి చూశాను. గంజి తేట రంగు! రెండు కొనల దగ్గర మరీ ఎక్కువ. అమ్మ ముక్కుపుడక తీయించి పక్కన పెడితే దాని తెలుపు ముందు ఇది వెలవెలబోయింది. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందటి ముక్కుపుడక ముందు లక్ష దాటిన ఉంగరం తలవంచుకుంటే నాకు ఎలా ఉంటుందో చెప్పండి. వారం రోజులుగా ఆ డబ్బా తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. నన్ను మోసం చేశారా, లేక నా కళ్లదే తప్పా?

నిర్వాహకుడు, శనివారం రాత్రి 9.52

షాపు పేరు, వీధి పేరు, అమ్మిన వ్యక్తి ఆనవాళ్లు ఎవరూ రాయవద్దు. మిగతాది ఎంతైనా మాట్లాడుకోండి.

గుణుపురం గుమాస్తా, శనివారం రాత్రి 10.05

ముందు శుభాకాంక్షలు తమ్ముడూ. ప్యాసింజరు మా ఊళ్లోనే బయలుదేరుతుంది కాబట్టి ఈ వ్యవహారంలో నాకూ కొంత బాధ్యత ఉన్నట్టే. సర్టిఫికెట్ ఇచ్చారా? అందులో రంగు ఎదురుగా ఏ అక్షరం ఉందో చూశావా? (వజ్రం రంగును ఇంగ్లీషు అక్షరంతో చెబుతారు. డి నుంచి జెడ్ వైపు వెళ్లేకొద్దీ పసుపు ఎక్కువ.)

జయపురం జ్యోతి, శనివారం రాత్రి 10.11

దేవుడి దగ్గర పెట్టాను అన్నారు. పసుపు, కుంకుమ, నూనె దీపం ఉన్నచోటే కదా? ముందు కడగండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి పావుగంట నానబెట్టి, మెత్తటి పళ్ల బ్రష్షుతో రాయి అడుగు భాగం రుద్దండి. పైభాగం అందరూ తుడుస్తారు, మురికి కూర్చునేది కింద. సింకు దగ్గర మాత్రం వద్దు. రంధ్రం మూయకుండా అక్కడ కడిగి మా చిన్నాన్న ఒక రాయి పోగొట్టుకున్నాడు.

బరంపురం బడాబజార్, శనివారం రాత్రి 10.30

జ్యోతిగారు చెప్పింది నిజం. వజ్రానికి నీరు అంటదు, జిడ్డు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. పాతకాలంలో గనుల దగ్గర కొవ్వు పూసిన బల్లల మీదుగా రాళ్లూ నీళ్లూ పారించి వజ్రాలు వేరుచేసేవారు. మిగతా రాళ్లు జారిపోయేవి, వజ్రం అతుక్కుని ఉండిపోయేది. వేలు తాకిన ప్రతిసారీ కాస్త జిడ్డు చేరుతుంది. రాయి కింద జిడ్డు, దాని మీద పసుపు పొడి కూడితే ఏ వజ్రమైనా గంజి తేటలాగే ఉంటుంది.

నేను ఒక నగల షాపులో ముప్పై ఐదేళ్లు లెక్కలు రాసినవాణ్ణి. రాళ్లు అమ్మలేదు గాని, అమ్మేవాళ్ల పక్కనే కూర్చున్నాను. కడిగిన తర్వాత మూడు విషయాలు చెప్పండి: సర్టిఫికెట్‌లో అక్షరం, చీటీలో సెంటుకు వేసిన ధర, మీ గది గోడల రంగు.

మహేంద్రతనయ గట్టు, ఆదివారం ఉదయం 8.15

కడిగాను. పసుపు కొంత వదిలింది, నిజమే. నీళ్లలో కనిపించింది కూడా. కానీ రాయి పూర్తిగా తెల్లబడలేదు.

సర్టిఫికెట్ కవరు ఇప్పటిదాకా తెరవలేదు, సిగ్గుగా ఉంది చెప్పడానికి. తెరిచాను. రంగు ఎదురుగా ఇంగ్లీషు పెద్ద అక్షరం “జె” ఉంది. జి కాదు! ప్రతిదీప్తి అన్న వరుసలో “లేదు” అని ఉంది, అదేమిటో నాకు తెలియదు. చీటీలో సెంటుకు 1,600 వేశారు. గోడలు పసుపు రంగు. (రంగు వేయించింది మా నాన్న, శుభమని.)

ఇక అసలు సంగతి. షాపులో చేతితో రాసి ఇచ్చిన ఎస్టిమేట్ చీటీ ఫోటో కింద పెడుతున్నాను. అక్కడ తెలుగులో “ఓవల్ 0.50, జి కలర్” అని ఉంది. అంటే జి అని చెప్పి జె అంటగట్టారు. ఇది మోసం కాక మరేమిటి?

గుణుపురం గుమాస్తా, ఆదివారం ఉదయం 8.31

ఫోటో చూశాను. పెద్దది చేసి చూశాను. తలకిందులు చేసి కూడా చూశాను. తమ్ముడూ, అది జి నో జె నో తేల్చాలంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి.

సిరోంచ సంగమం, ఆదివారం ఉదయం 8.44

నాకు జి లాగే ఉంది. పైన గుండ్రంగా తిరిగింది చూడండి.

రాయగడ రసాయనం, ఆదివారం ఉదయం 8.50

గుండ్రంగా తిరగలేదు, కలం జారింది. అది జె.

చత్రపురం మాస్టారు, ఆదివారం ఉదయం 9.20

ఇరవై తొమ్మిదేళ్లు ఒకటో తరగతికి గుణింతాలు దిద్దించాను కనుక నా మాట కాస్త చెల్లుతుంది. గుడి అయితే అక్షరం తల మీద సున్నా చుట్టినట్టు మూసుకోవాలి. ఎత్వం అయితే అక్షరం తల నుంచి పైకి లేచి వంపు తిరిగి తెరిచే ఉండాలి. ఈ రాతలో వంపు మొదలై, సగం దూరం వెళ్లి, వదిలేసినట్టు ఉంది. పిల్లవాడు రాసి ఉంటే అర మార్కు వేసి “మళ్లీ రాయి” అనేవాణ్ణి. జె వైపే మొగ్గుతాను. కానీ ప్రమాణం చేయమంటే చేయను.

ఇంకొకటి. ఇంగ్లీషులో ఆ రెండు అక్షరాల పేర్లూ మన నోట్లో పక్కపక్కనే ఉంటాయి. జీ, జే. ఫోనులో చెబితే మూడుసార్లు అడగాల్సిందే. మీ నాన్నగారు విన్నది ఏది?

మహేంద్రతనయ గట్టు, ఆదివారం ఉదయం 9.41

నాన్నను అడిగాను. “జీ అన్నాడు, నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి” అని కోప్పడ్డారు. అమ్మ మాత్రం “ఆ చెవులు బాగుంటే నిన్న పాలవాడి పిలుపు వినపడి ఉండేది” అంది. కాబట్టి సాక్ష్యం బలహీనం.

బరంపురం బడాబజార్, ఆదివారం ఉదయం 10.15

గుణింతం పక్కన పెట్టండి, ధర మాట్లాడుతుంది. జీఐఏ (వజ్రాలకు గ్రేడులిచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉన్న యాభై సెంట్ల సహజ వజ్రం, విఎస్ 2 శుభ్రత (అంటే లోపలి మచ్చలు చాలా చిన్నవి), రంగు జి, సెంటుకు 1,600 అంటే నేనే ఈ వయసులో ప్యాసింజరు ఎక్కి కొనుక్కొస్తాను. ఆ ధర జె రాయిది. అమ్మినవాడు జె ధరే వేశాడు, జె సర్టిఫికెటే ఇచ్చాడు. మోసం చేసేవాడు జె రాయికి జి ధర వేస్తాడు, సర్టిఫికెట్ ఇవ్వడు. మీకు జరిగింది అది కాదు. మీరు చదవలేదు, అతను చదివించలేదు.

ఇక రంగు గురించి. నేటి కొలమానం 1950లలో జీఐఏ సంస్థ స్థిరపరిచినది. డి తో మొదలై జెడ్ తో ముగుస్తుంది. ఎ, బి, సి లు ఎందుకు లేవంటే, అంతకుముందు వ్యాపారులు తలా ఒక రకంగా ఎ అనీ, డబుల్ ఎ అనీ, ట్రిపుల్ ఎ అనీ అమ్మేవారు. ఆ గందరగోళం అంటకూడదని డి దగ్గర మొదలుపెట్టారు. డి, ఇ, ఎఫ్ లు రంగు లేనివి. జి, హెచ్, ఐ, జె నాలుగూ “దాదాపు రంగు లేనివి” అనే ఒకే పెట్టెలోకి వస్తాయి. అమ్మినవాడు “రంగు లేనట్టే” అన్నాడని రాశారు చూడండి, ఆ మాట జి కీ చెల్లుతుంది, జె కీ చెల్లుతుంది. ఆ పెట్టెలో మొదటి గది జి, చివరి గది జె. గుమ్మం దాటితే కె, అక్కడ లేత పసుపు మొదలు.

గుణుపురం గుమాస్తా, ఆదివారం ఉదయం 10.22

అంటే ఒకే ఇల్లు, కానీ జె గది వరండా పక్కన.

రాయగడ రసాయనం, ఆదివారం ఉదయం 11.05

రంగు ఎందుకు వస్తుందో కూడా చెప్పుకుందాం, లేకపోతే నా పేరుకు న్యాయం జరగదు. వజ్రం అంటే కర్బనం. భూమి లోపల 150 కిలోమీటర్లు, అంతకు మించిన లోతులో తయారవుతుంది. ఆ స్ఫటికంలో కర్బన పరమాణువుల చోట అక్కడక్కడ నత్రజని చేరుతుంది. అది ఊదా, నీలం వైపు కాంతిని కొంత మింగేస్తుంది. తెల్లని వెలుతురులోంచి నీలం తగ్గితే మిగిలేది పసుపు ఛాయ. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్న వాయువే ఈ ఉంగరాన్ని పాడుచేసింది తమ్ముడూ.

కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనుల్లో దొరికిన కొన్ని పేరుమోసిన పాత రాళ్లలో నత్రజని దాదాపు ఉండదు. గోల్కొండ వజ్రం అంటే నీళ్లలా ఉంటుందని నేటికీ చెప్పుకునేది అందుకే.

ప్రతిదీప్తి సంగతి: కొన్ని వజ్రాలు అతినీలలోహిత కిరణాలు పడితే నీలంగా వెలుగుతాయి. జె, కె వంటి రాళ్లకు ఆ గుణం ఉంటే పగటి వెలుతురులో ఆ నీలం పసుపును కొంత కప్పేస్తుంది. మీ రాయికి లేదు కనుక ఆ సాయమూ లేదు.

కోరాపుట్ కాఫీ, ఆదివారం మధ్యాహ్నం 12.10

ఇంత బాధ ఎందుకు? ప్రయోగశాలలో పెంచిన వజ్రం తీసుకుంటే ఇందులో చిన్న భాగం ధరకే డి కలర్ వచ్చేది. అదీ కర్బనమే, అదీ వజ్రమే. 2023లో మన ప్రధాని అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్యకు ఇచ్చింది కూడా ల్యాబ్ వజ్రమే, ఏడున్నర క్యారెట్లు.

బరంపురం బడాబజార్, ఆదివారం మధ్యాహ్నం 12.40

ఇచ్చింది నిజమే. తిరిగి అమ్మాల్సిన అవసరం ఆమెకు రాదు. ల్యాబ్ వజ్రాల ధర ఈ కొన్నేళ్లలో ఎంత పడిపోయిందో చూశారుగా. ఈరోజు కొన్నవాడు రేపు మార్చుకోబోతే షాపువాడు బంగారం మాత్రమే తూచి రాయి వైపు చూడడు.

రాయగడ రసాయనం, ఆదివారం మధ్యాహ్నం 1.02

ల్యాబ్ రాళ్లన్నీ తెల్లగా ఉంటాయని కాదు కాఫీగారూ. వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచినవాటిలో కొన్నిటికి గోధుమ ఛాయ ఉంటుంది, అధిక పీడనంతో చేసినవాటిలో కొన్నిటికి బోరాన్ వల్ల నీలి ఛాయ. అక్కడ కూడా కిటికీ దగ్గర చూసే కొనాలి.

కోరాపుట్ కాఫీ, ఆదివారం మధ్యాహ్నం 1.05

సరే, నేను కాఫీ గురించి మాత్రమే మాట్లాడతాను.

సిరోంచ సంగమం, ఆదివారం మధ్యాహ్నం 2.30

నా అనుభవం. మా అమ్మాయి పెళ్లికి ప్రాణహిత వంతెన దాటి తెలంగాణ వైపు వెళ్లి కమ్మలు తీసుకున్నాం. షాపులో ఒకసారి, రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఒకసారి, మర్నాడు పొలం గట్టున ఒకసారి చూశాను. మూడుసార్లూ మూడు రాళ్లు! మా వియ్యపురాలు మరాఠీ ఆవిడ, పసుపు చీర కట్టుకుని దగ్గరకు వస్తే నాలుగో రాయి కూడా కనిపించింది. పక్కన ఏ రంగు ఉంటే ఆ రంగును పట్టుకుంటుంది వజ్రం, కొత్త కోడలిలా.

జయపురం జ్యోతి, ఆదివారం మధ్యాహ్నం 2.48

కొత్త కోడలిని మధ్యలోకి లాగకండి సంగమంగారూ.

తమ్ముడూ, నా వేలికి ఉన్నది కూడా జె రాయే, గుండ్రటిది, నలభై సెంట్లు. పదకొండేళ్లుగా ఎవరూ పసుపు అనలేదు. గుండ్రటి సానలో యాభై ఏడు, యాభై ఎనిమిది పలకలుంటాయి, వచ్చిన వెలుతురును వచ్చినట్టే తిప్పి కొడతాయి, రంగు కనపడనివ్వవు. కోడిగుడ్డు ఆకారంలో రంగు రెండు కొనలకు చేరుతుంది, మీరు చూసింది అదే. పైగా రాయిని పట్టుకున్న కాళ్లు కూడా పసుపు బంగారమే కదా? ఆ నాలుగు కాళ్ల ఛాయ రాయిలోకి దిగుతుంది. ఉంగరం పసుపు బంగారంలోనే ఉంచి, కాళ్లు మాత్రం తెల్ల బంగారంతో చేయించుకోండి.

బరంపురం బడాబజార్, ఆదివారం మధ్యాహ్నం 3.20

ఇక్కడ నేను ఒప్పుకోను. తెల్లటి లోహం పక్కన పెడితే జె రాయి పసుపు ఇంకా బయటపడుతుంది. పసుపు బంగారంలోనైతే చూసేవాడి కన్ను పసుపుకు అలవాటుపడి రాయిని తెలుపు అనుకుంటుంది. పైగా తెల్ల బంగారం మీద ఉండేది రోడియం పూత. కొన్నేళ్లకు అరిగి అదీ పసుపు తిరుగుతుంది, మళ్లీ పూత వేయించాలి.

జయపురం జ్యోతి, ఆదివారం మధ్యాహ్నం 3.26

నా వేలి మీద ఉన్నదాని గురించి నేను చెబుతున్నాను. మీరు లెక్కల పుస్తకంలో ఉన్నదాని గురించి చెబుతున్నారు.

బరంపురం బడాబజార్, ఆదివారం మధ్యాహ్నం 3.41

సరే తల్లీ. గుండ్రటి రాయికి మీ మాట, కోడిగుడ్డు రాయికి నా మాట.

మీ పాత నగలు గుర్తు తెచ్చుకోండి. మా అమ్మమ్మ ఏడు రాళ్ల కమ్మలకు వెనుక మూత ఉండేది, రాయి కింద రేకు వేసి కట్టేవారు. ఆముదం దీపం వెలుతురులో చూసే కాలం అది. ఆ కమ్మలను “బ్లూ జాగర్” అని గొప్పగా చెప్పుకునేది. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు అరిగి అరిగి మన ఇళ్లలో అలా మిగిలింది. అమ్మమ్మకు ఆ గని ఎక్కడుందో తెలియదు, హీరాకుద్ దగ్గర ఉందనుకునేది. ఆ పేరులో వజ్రం ఉంది కదా, వజ్రాల దీవి అని, అందుకని.

ఇక పరీక్ష. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి కాలువలా చేయండి. వజ్రాన్ని తలకిందులుగా, మొన పైకి ఉండేలా అందులో పడుకోబెట్టండి. నేరుగా ఎండ వద్దు, ఉత్తరం కిటికీ వెలుతురు చాలు. పక్క నుంచి చూడండి. ల్యాబ్‌లో కూడా విడి రాయిని తలకిందులు పెట్టి, రంగు తెలిసిన నమూనా రాళ్ల పక్కన పోల్చే చూస్తారు. పైనుంచి చూస్తే మెరుపు కన్ను కప్పేస్తుంది. షాపులో అన్ని దీపాలు పెట్టేది ఆ మెరుపు కోసమే, మన పసుపు గోడల మధ్య చూడటానికి కాదు. ఉంగరంలో బిగించిన రాయికి కచ్చితమైన అక్షరం ఎవరూ చెప్పలేరు. జీఐఏ బిగించిన వజ్రాలకు గ్రేడింగు రిపోర్టు ఇవ్వనే ఇవ్వదు.

మరో మాట. మీ అమ్మగారి ముక్కుపుడకతో పోల్చానన్నారు. అది వజ్రమేనని మీకు ఎవరు చెప్పారు?

మహేంద్రతనయ గట్టు, ఆదివారం మధ్యాహ్నం 3.55

అదేమిటి మాస్టారూ! నాయనమ్మ అమ్మకు పెళ్లిలో పెట్టింది. వజ్రమే.

బరంపురం బడాబజార్, ఆదివారం సాయంత్రం 4.02

నేను మాస్టారిని కాను. సరే, ఏమీ అనలేదు.

గుణుపురం గుమాస్తా, ఆదివారం సాయంత్రం 6.15

నేను వకీలు దగ్గర గుమాస్తాను కాబట్టి చట్టం ముక్క చెప్పి పోతాను. తుది బిల్లులో, అంటే ముద్రించిన దాంట్లో, రంగు రాశారా?

మహేంద్రతనయ గట్టు, ఆదివారం సాయంత్రం 6.28

లేదు. “డైమండ్ 0.50” అని, సర్టిఫికెట్ నంబరు, బంగారం బరువు, మజూరీ, పన్ను. అంతే. హాల్‌మార్కు సంఖ్య, అదే హెచ్‌యుఐడి, ఆరు అక్షరాలు ఉన్నాయి, ఫోనులో బీఐఎస్ యాప్‌లో కొట్టి చూశాను, సరిపోయింది.

గుణుపురం గుమాస్తా, ఆదివారం సాయంత్రం 6.50

హెచ్‌యుఐడి బంగారానికి, తమ్ముడూ. రాయితో దానికి పని లేదు. చాలామంది అది చూసి రాయి కూడా సర్కారు పరీక్షించిందనుకుంటారు.

2019 వినియోగదారుల చట్టం ప్రకారం నువ్వు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, విశాఖ తిరగనక్కర్లేదు. కొన్న వస్తువుకు చెల్లించింది ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. గడువు రెండేళ్లు. ముందు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఇదంతా కాగితం మీద. నిజం చెప్పాలంటే నీ కేసు మొత్తం ఒక్క గుడి మీద ఆధారపడి ఉంది. ఒడిశాలో కమిషన్ ముందు తెలుగు గుణింతం నిరూపించాలంటే చత్రపురం మాస్టారిని సాక్షిగా పిలవాలి, ఆయనేమో ప్రమాణం చేయనంటున్నారు. బిల్లు వెనక మార్పిడి గడువు ఎన్ని రోజులో చూడు. ముందు వెళ్లి మాట్లాడు.

జయపురం జ్యోతి, ఆదివారం రాత్రి 8.10

ఇంతమంది ఇన్ని చెప్పాం. ఆ అమ్మాయికి చూపించారా?

మహేంద్రతనయ గట్టు, ఆదివారం రాత్రి 8.19

లేదండీ. నిశ్చితార్థం రోజు ఆశ్చర్యపరుద్దామని.

జయపురం జ్యోతి, ఆదివారం రాత్రి 8.21

వేలు ఆమెది. రోజూ చూసుకునే కళ్లు ఆమెవి. మీకు నచ్చని వస్తువు ఆమెకు తెలియకుండా తొడగాలనుకోవడం ఏ రకం ఆశ్చర్యం? రేపే చూపించండి. చీటీతో సహా.

మహేంద్రతనయ గట్టు, మంగళవారం రాత్రి 9.05

చూపించాను. నిన్న సాయంత్రం నది దాటి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె తెలుగు మాధ్యమంలో చదివింది, ఈ సంగతి నేను ముందే గుర్తుచేసుకుని ఉండాల్సింది. ఉంగరం కంటే ముందు చీటీ అడిగింది. ఒక్క క్షణం చూసి, “ఇది జె. గుడి ఎక్కడుంది ఇందులో?” అంది. నేను మా వేదికలో పెద్ద చర్చ జరిగిందని చెబితే, “పేజీ కింద పావు క్యారెట్ రాయికి కూడా అతనే జె రాశాడు, రెండూ పోల్చుకోలేకపోయారా” అంది. నిజమే, కింద ఇంకో రాయి ధర రాసి కొట్టేసి ఉంది. అది నేను ఫోటోలో కత్తిరించేశాను.

తర్వాత ఉంగరం వాకిట్లోకి తీసుకెళ్లి చూసింది. “బాగుంది, కానీ పసుపే” అంది. నేను పద్దెనిమిది రకాల ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను, ఒక్కటీ వాడాల్సిన పని రాలేదు. “చిన్నదైనా పరవాలేదు, తెల్లగా ఉండాలి. ఆకారం గుండ్రంగా ఉన్నా సరే” అని చెప్పేసింది. బిల్లు వెనక పదిహేను రోజుల మార్పిడి ఉంది. వచ్చే ఆదివారానికి పద్నాలుగో రోజు.

చత్రపురం మాస్టారు, మంగళవారం రాత్రి 9.30

ఆ అమ్మాయికి పూర్తి మార్కులు. నాకు కత్తిరించిన ఫోటో చూపించినందుకు నీకు అర మార్కు కోత.

బరంపురం బడాబజార్, మంగళవారం రాత్రి 9.48

మార్చుకునేటప్పుడు ఈసారి రాయిని బిగించకముందే చూడండి. షాపు బయటకు తెమ్మనండి. కుదరదంటే లేచి వచ్చేయండి. రాయి నడుము మీద సర్టిఫికెట్ నంబరు లేజరుతో చెక్కి ఉంటే పది రెట్ల భూతద్దంతో చూపించమనండి, ఆ నంబరును ల్యాబ్ వెబ్‌సైటులో కొట్టండి. బిల్లులో రంగు, శుభ్రత, బరువు, నంబరు నాలుగూ ముద్రించి ఇవ్వమనండి. పాత మజూరీ పోతుంది, దాని గురించి గొడవపడకండి. కొత్త మజూరీ దగ్గర మాత్రం గొడవపడండి.

మహేంద్రతనయ గట్టు, ఆదివారం రాత్రి 10.50

ఇప్పుడే ఇల్లు చేరాం. ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యం.

నేను, నాన్న, అమ్మ పర్లాకిమిడిలో ఎక్కితే, ఆమె, వాళ్ల పిన్ని తరువాతి స్టేషను పాతపట్నంలో ఎక్కారు. షాపులో అదే మనిషి. చీటీ చూపిస్తే అతనే తడబడ్డాడు. “నేను జె అనే రాశాను సార్” అన్నాడు గాని, రాసినదాన్ని రెండు క్షణాలు చూసి మరీ అన్నాడు. మేనేజరు మర్యాదస్థుడు. రాయి విలువ పూర్తిగా ఇచ్చారు, పాత మజూరీ ఇవ్వలేదు. బడాబజార్‌గారు చెప్పినట్టే గొడవపడలేదు.

మూడు గుండ్రటి రాళ్లు చూపించారు: జి ముప్పై ఐదు సెంట్లు, హెచ్ నలభై సెంట్లు, ఐ నలభై నాలుగు. బయట చూస్తామంటే మొదట కుదరదన్నారు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, అంతే. చివరకు రాళ్లను ఒక ట్రేలో పెట్టుకుని ఒక ఉద్యోగి, అతని వెనక తుపాకీ పట్టుకున్న కాపలాదారు, వాళ్ల వెనక మేము ఐదుగురం మెట్ల మీదకు వచ్చాం. ఆమె సంచిలోంచి తెల్ల కాగితం తీసి మడిచింది. దారిన పోయేవాళ్లు ఏదో సోదా జరుగుతోందనుకుని ఆగారు. కాపలాదారు కూడా వంగి చూసి, “ఎడమ చివరిది కొంచెం మాసినట్టుంది” అన్నాడు. అది ఐ. షాపులో ఎవరూ చెప్పని సంగతి అతను చెప్పాడు.

జి కీ హెచ్ కీ తేడా మాకెవరికీ తెలియలేదు. హెచ్ తీసుకున్నాం. ఉంగరం పసుపు బంగారమే, కాళ్లు తెల్ల బంగారం. జ్యోతిగారూ, ఇది మీ మాట. బిల్లులో నాలుగు వివరాలూ ముద్రించారు. వారంలో కట్టి ఇస్తారు, నిశ్చితార్థానికి మూడు రోజుల ముందు.

జయపురం జ్యోతి, ఆదివారం రాత్రి 10.58

బడాబజార్‌గారూ, చదివారా?

బరంపురం బడాబజార్, ఆదివారం రాత్రి 11.04

చదివాను. గుండ్రటి రాయి కదా, మీ మాటే అన్నాను ముందే.

గుణుపురం గుమాస్తా, ఆదివారం రాత్రి 11.06

హెచ్ లో కూడా ఎత్వం ఉంది తమ్ముడూ, జాగ్రత్త. అదృష్టం కొద్దీ “హిచ్” అనే రంగు లేదు.

సిరోంచ సంగమం, సోమవారం ఉదయం 6.40

ఇంతకీ ముక్కుపుడక సంగతి తేలిందా? అమ్మగారు కూడా వచ్చారన్నారుగా.

మహేంద్రతనయ గట్టు, సోమవారం ఉదయం 7.15

అది అడగకపోతే బాగుండేది. అమ్మ ఈ వేదిక చదవదు కాబట్టి చెబుతున్నాను.

బిల్లు రాసే లోపు అమ్మ తన ముక్కుపుడక తీసి కౌంటరు మీద పెట్టి, “మా అత్తగారు పెట్టింది, మీ రాళ్లన్నిటికంటే తెలుపు, చూడండి” అంది. ఆ ఉద్యోగి పెన్నులాంటి యంత్రం తీసి మొన ఆనించాడు. వజ్రమైతే వేడిని ఇట్టే లాగేస్తుంది, యంత్రం కూత వేస్తుందట. వేయలేదు. మళ్లీ ఆనించాడు. నిశ్శబ్దం. అమెరికన్ డైమండ్ అని పెదవులు మాత్రం కదిపి నా వైపు చూశాడు. నేను అమ్మకు కనపడకుండా తల అడ్డంగా ఊపాను.

అతను యంత్రం పక్కన పెట్టి, ముక్కుపుడకను మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు చేతులతో అమ్మకు ఇచ్చాడు. “చాలా తెల్లటి రాయి అమ్మా” అన్నాడు.

అమ్మ నాన్న వైపు చూసింది. “విన్నారా? ఇదైనా వినపడిందా?”